చిత్రప్రసంగము: ఒక బొమ్మ, అయిదు మాటలు



ఒక చలనచిత్రమును చూచి యింటికి వచ్చిన పిమ్మట మన యిండ్లలో జరుగు సంభాషణ మిక్కిలి పొట్టిది. “ఎట్లున్నది?” అని యొకరు అడుగుదురు. “బాగున్నది” అనియో, “ఏమియు లేదు” అనియో మఱియొకరు బదులు చెప్పుదురు. అంతటితో ప్రసంగము ముగిసి అన్నములు వడ్డించు పని మొదలగును. ఆ ప్రశ్నయు తఱచుగా మగవారికో, కాలేజీకి పోవు పిల్లలకో వేయుదురు గాని, వారి ప్రక్కనే కూర్చుండి అదే బొమ్మను ఆసాంతము చూచిన గృహిణికి వేయువారు తక్కువ. అడిగినను ఆమె “అందఱికి నచ్చినచో నాకును నచ్చినట్లే” అని తప్పించుకొనును. ఇది మంచి యలవాటు కాదని మా తలంపు. ఒక బొమ్మను అయిదుగురు చూచినపుడు అయిదు అభిప్రాయములు పుట్టుట సహజము. అవి యన్నియు నోటికి వచ్చినపుడే ఆ బొమ్మ యొక్క మంచిచెడ్డలు తేటపడును. అంతకంటె ముఖ్యముగ, చూచినవారి మనస్సులు ఒకరికొకరికి తెలియును.

ఇందులకు నిదర్శనముగ ఈ నెల ‘ఆదిత్య 369’ను తీసికొంటిమి. ఈ చిత్రము 1991 జూలై 18వ తేదీన మొదట విడుదల యయ్యెను. 2025 ఏప్రిల్ 4వ తేదీన కొత్త మెఱుగులు దిద్ది దానిని మరల సినిమాహాళ్లకు తెచ్చిరి. నాడు పావడా కట్టుకొని తండ్రి చేయి పట్టుకొని చూచిన బాలికలు పలువురు నేడు పిల్లల తల్లులు. ఒకే బొమ్మకు రెండు మూడు తరముల ప్రేక్షకులు ఒకే యింట నుండుట అరుదు. కావున వాదమునకు ఇంతకంటె అనువైన బొమ్మ మాకు తోచలేదు.

ఇది గ్రహములకును నక్షత్రములకును ఎగిరిపోవు కథ కాదు; కాలములో ముందునకు, వెనుకకు పోవు కథ. ఆకాశయాత్రయు కాలయాత్రయు ఒకే జాతి కల్పనలు. ఇంగ్లండు దేశపు రచయిత హెచ్. జి. వెల్స్ 1895లో ‘టైమ్ మెషీన్’ అను నవలను వ్రాసిన నాటినుండి ఇట్టి కథలు లోకమంతట వ్యాపించినవి. ఆ బీజమును తెచ్చి తెలుగు నేలలో నాటినవారు దర్శకులు సింగీతము శ్రీనివాసరావుగారు. వారు ‘మాయాబజార్’ చిత్రమునకు కె. వి. రెడ్డిగారి వద్ద సహాయకులుగ పనిచేసినవారు. కె. వి. రెడ్డిగారు మన సీమవారే. తాడిపత్రిలో 1912లో జన్మించిరి. 1957లో గురువుగారి బొమ్మలో ప్రియదర్శిని పెట్టెను తెఱచి దూరముననున్న ప్రియులను చూచి మురిసితిమి. శిష్యులవారి బొమ్మలో యంత్రమెక్కి దూరపు కాలమునే చూచితిమి. వంశము ఒక్కటే యని మా యభిప్రాయము.

కథ చూచినవారికి గుర్తున్నదే యైనను సంగ్రహముగ చెప్పెదము. ప్రొఫెసర్ రామదాసు అను శాస్త్రజ్ఞుడు కాలయంత్రము నొకదానిని నిర్మించును. శ్రీకృష్ణదేవరాయల నాటి వజ్రము నొకదానిని రాజావర్మ యను ధనికుడు అపహరింప జూచును. ఆ దొంగతనము కిషోర్ అను బాలుని కంట బడును. కథానాయకుడు కృష్ణకుమారుడును, ప్రొఫెసరు కూతురు హేమయు యంత్రమెక్కి 1526వ సంవత్సరమునకు, అనగా రాయలవారి సభకు పోయి పడుదురు. అచ్చటినుండి తిరుగు ప్రయాణమున యంత్రము వారిని 2504వ సంవత్సరమునకు గొనిపోవును. అచ్చట మహాయుద్ధముచే చెడిన భూమిపై బ్రతుకలేక మనుష్యులు నేలలోపల కాపురముండుట చూతురు. కృష్ణకుమారుడుగను, రాయలుగను బాలకృష్ణగారే నటించిరి. హేమగ మోహిని, రాజావర్మగ అమ్రీష్ పురి, రామదాసుగ టిన్నూ ఆనంద్, తెనాలి రామకృష్ణునిగ చంద్రమోహన్, రాజనర్తకి సింహనందినిగ సిల్క్ స్మిత, కిషోర్‌గ బాలనటుడు తరుణ్ కనబడుదురు. మాటలు జంధ్యాలగారివి, సంగీతము ఇళయరాజాగారిది.

ఇక వాదమునకు వత్తము. కర్నూలు పాతపట్టణమున ఒక ఉమ్మడి కుటుంబమును ఊహించుకొందము. పంతులు పని చేసి విశ్రాంతి గైకొన్న జేజినాయన, తుగ్గలి ప్రక్క పల్లెనుండి కాపురమునకు వచ్చిన జేజి, వారి కోడలు, ఇంటర్మీడియెట్ చదువు మనుమడు, సెలవులకు ప్రొద్దుటూరినుండి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ. అందఱును బొమ్మ చూచి వచ్చి మిద్దెమీద కూర్చుండిరి. ఇట్టి యిండ్లలో ఏయే మాటలు పుట్టునో మన మెఱుగనివి కావు.

మొదటి మాట జేజినాయనది. ఆయన దృష్టిలో బొమ్మ యంతయు రాయల సభయే. తక్కినది దానికి కట్టిన పందిరి. “తెలుగు మాటకు ఇంత గౌరవము దక్కిన బొమ్మలు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును” అనును. పదము నమలక, అక్షరము మ్రింగక పలికిన ఆ సంభాషణలు వినుటకే రెండవసారి పోదుననును. అయినను ఆయన పోలిక తెచ్చుట మానడు. రామారావుగారు 1956లో ‘తెనాలి రామకృష్ణ’యందును, 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’నందును రాయల వేషము ధరించిరి గదా, ముప్పది యేండ్ల పిమ్మట కొడుకు అదే కిరీటము ధరించినపుడు తండ్రి కన్నులముందు నిలువక తప్పదు. నడకలో తండ్రికి తగిన కొడుకే గాని, ఆ నిబ్బరము కొంత తగ్గినదని ఆయన తీర్పు. రాయల యేలుబడి 1509 మొదలు 1529 వఱకు గావున 1526 సరిగనే యున్నదనియు, తెనాలి రామకృష్ణకవి మాత్రము రాయల తరువాతి కాలమువాడని చెప్పు సాహిత్యచరిత్రకారులు కలరనియు ఆయన గుర్తుచేయును. “సభలో పెద్దనగారిని ఇంకను చూపియుండవలసినది. ఆయనకు రాయలిచ్చిన కోకటము అగ్రహారము మన కడప సీమలోనిదే గదా” అని సీమ యభిమానమును చాటుకొనును.

రెండవ మాట మనుమనిది. అతనికి రాయల సభ నచ్చినది గాని, 2504వ సంవత్సరము నచ్చలేదు. “జేజినాయనా, ఆ యంత్రములన్నియు ఆటబొమ్మలవలె నున్నవి” అనును. అతడు పెరిగినది వేఱు బొమ్మలతో. 1977లో అమెరికాలో వచ్చిన ‘స్టార్ వార్స్’ను టెలివిజన్‌లో ఎన్నిమార్లో చూచినవాడు, తెలుగులోనే 2018లో ఉపగ్రహముల కథతో ‘అంతరిక్షం’ వచ్చినది, 2024లో ‘కల్కి 2898 ఏడీ’ వచ్చినది. వాని యెదుట 1991 నాటి భవిష్యత్తు వెలవెలబోవునని అతని వాదము. భవిష్యత్తున గడపిన సమయము చాల తక్కువ యనియు, యుద్ధమెట్లు వచ్చెనో, నేలక్రింద మనుష్యులు ఏమి తినుచున్నారో, ఎట్లు బ్రతుకుచున్నారో నిదానముగ చూపలేదనియు అతని ఆక్షేపణ.

ఇందు సగము న్యాయమున్నది, సగము తొందరపాటున్నది. 1991లో కంప్యూటరుతో దృశ్యములు కల్పించు విద్య మన చిత్రములకు ఇంకను పట్టుబడలేదు. చెక్క, రేకు, రంగు, దీపము, వీనితోనే కళాదర్శకులు పేకేటి రంగాగారు మూడు కాలములను నిలబెట్టవలసి వచ్చెను. ఛాయాగ్రహణమునకు పి. సి. శ్రీరామ్, వి. ఎస్. ఆర్. స్వామి, కబీర్‌లాల్ అను మువ్వురు పనిచేసిరి. తల్లి కట్టెల పొయ్యిమీద చేసిన వంటను గ్యాసు పొయ్యిమీది వంటతో పోల్చునపుడు రుచిని పోల్చవలె గాని పొయ్యిని కాదు. మఱియొక సంగతి: మనుమడు మెచ్చిన ‘కల్కి’ చిత్రమునకు దర్శకుడు నాగ్ అశ్విన్ సలహాదారుగ కోరుకొన్నది ఈ సింగీతము శ్రీనివాసరావుగారినే. ఆటబొమ్మలని నవ్విన ఆ యంత్రములనుండియే తరువాతివారు పాఠము నేర్చుకొనిరి.

మూడవ మాట ఆడబిడ్డది. ఆమె చిన్ననాట నాట్యము నేర్చి పెండ్లి పిమ్మట మానుకొన్నది. నర్తకిగ సిల్క్ స్మితను చూచి 1991లో పెద్దలు కొందఱు మొగము త్రిప్పుకొనిరనియు, ఆ పేరు వినగానే పిల్లలను బొమ్మకు పంపుటకు సందేహించిరనియు ఆమెకు జ్ఞాపకము. ఆమె తీర్పు వేఱు. “ఆ నటికి తక్కిన బొమ్మలలో ఎన్నడును దొరకని గౌరవము ఇందు దొరకినది వదినా. ఒంటిని గాక విద్యను చూపు అవకాశ మిచ్చిరి” అనును. సింహనందిని యను పేరును ఊరక పెట్టినది కాదు. మన ఆంధ్రదేశపు ఆలయ నృత్యములలో ఆ పేరుగల తాళమును, నాట్యమును నిజముగ నున్నవి. ఆ తాళమున నూట యిరువది యెనిమిది యక్షరములు కలవు. నర్తకి రంగుపొడి పఱచి, దానిపై ఆడుచు పాదములతోనే సింహపు బొమ్మను దిద్దును. చేతితో చుక్కలు పెట్టి ముగ్గు వేయుటకే మన నడుము నొచ్చుచుండగా, తాళము తప్పక కాలితో సింహమును వ్రాయుట ఎంతటి సాధనయో ఆలోచింపుడు. సి. ఆర్. ఆచార్యులవంటి నాట్యాచార్యులు ఆ విద్యను ఇరువదవ శతాబ్దమున మరల నిలబెట్టిరి. సిల్క్ స్మిత 1996లో కన్నుమూసినది. ఆమెను గుఱించి పదిమంది పదివిధములుగ మాటలాడుదురు; ఈ బొమ్మను చూచిన స్త్రీలు ఒక మంచిమాట కలిపిన తప్పులేదని ఆడబిడ్డ మాట, మా మాటయు.

నాలుగవ మాట కోడలిది. ఆమె యిదివఱకు వినుచు కూర్చున్నది. ఇప్పు డడుగును: “అన్నియు బాగున్నవి వదినా, హేమ యేమి చేసినది?” యంత్రము కట్టినవాడు తండ్రి. చిక్కులు విప్పినవాడు నాయకుడు. శాస్త్రజ్ఞుని కూతురై, యంత్రము పుట్టిన యింట పుట్టి, హేమ పాటలకును, భయమునకును, అసూయకును మాత్రమే పనికివచ్చెనా? రాయల సభలోనైనను స్త్రీ యనగా రాణియో, నర్తకియో; మూడవ పని లేదా?

ఈ ప్రశ్నకు చరిత్రలో మంచి యుత్తరమున్నది. విజయనగరమును గుఱించి వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, అచ్చటి యంతఃపురమున కుస్తీ పట్టు స్త్రీలు, జ్యోతిషము చెప్పు స్త్రీలు, కోటలోపలి ఖర్చులన్నియు లెక్క వ్రాయు స్త్రీలు, కావలి కాయు స్త్రీలు నుండిరని చెప్పెను. అనగా బొమ్మలో చూపిన సభకంటె నిజమైన నగరిలోనే స్త్రీలకు ఎక్కువ పనులుండెను! లెక్కలు వ్రాయు ఒక స్త్రీ పొరుగు కాలమునుండి వచ్చిన హేమతో నాలుగు మాటలాడియున్నచో ఆ ఘట్టము ఎంత అందగించియుండెడిదో. రామాయణమును తెలుగు చేసిన మొల్లనైనను ఒకసారి తలచియుండవచ్చును. ఆమె కాలమును గుఱించి పండితులు ఏకీభవింపరు. అయినను రామకృష్ణకవికి దొరకిన వెసులుబాటు మొల్లకు ఏల దొరకరాదు? కోడలి మాటలో పస యున్నదని మేమును ఒప్పుకొంటిమి.

జేజినాయన దీనికి బదులు చెప్పలేక దగ్గుచుండగా మనుమడు, “జేజీ, నీకెట్లున్నది?” అనును. ఈ ప్రశ్న ఆమె నెవరును అడిగియుండరు. జేజి కొంతసేపు కొంగు సవరించుకొని చెప్పును: “బాగనే ఉన్నది నాయనా. అయినా ఆ వజ్రము రాజుగారి యింటిలోనే పుట్టినదా? దానిని మట్టిలో మొదట చూచిన కన్నెవరిది?”

అయిదవ మాట ఇది. దీని యర్థము తెలియవలెనన్న జేజి పుట్టిన పల్లెను తెలియవలెను. కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర ప్రాంతములు, అనంతపురము జిల్లాలో వజ్రకరూరు వజ్రభూములని పేరొందినవి. ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన బనగానపల్లెయు, కడప చెంత పెన్న యొడ్డున నున్న చెన్నూరును పూర్వము వజ్రములకు ప్రసిద్ధి కెక్కినవే. తొలకరి వానలు పడి మట్టి కడుగుకొనిపోయి రాళ్లు తేలినపుడు, నేటికిని జనము చేలలో వరుసగ తలవంచి నడచుచు వెదకుచుందురు. పొరుగు జిల్లాలనుండి సద్దిమూటలతో వచ్చి, చెట్లక్రిందను గుళ్లలోను తలదాచుకొని, రోజుల తరబడి వెదకువారును కలరు. వారిలో స్త్రీలు అనేకులు. కూలి మానుకొని, పసిబిడ్డను చెట్టునీడను పండుకొనబెట్టి, ఎండలో రాయి రాయి తిరుగవేయుదురు. పెక్కురకు ఏమియు దొరకదు. ఒకరికి దొరకినను, దాని వెల చెప్పువాడు వర్తకుడు. పుచ్చుకొనువారు దాని నిజమైన విలువ నెఱుగరు. బయటికి పొక్కునేమో యను భయమున తొందరపడి యిచ్చివేయుదురు.

రాయల నాటి సంగతియు ఇంతకు మిక్కిలి దూరము కాదు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పాయిస్ అను పోర్చుగీసువాడు అచ్చటి అంగళ్లలో వజ్రములు, కెంపులు, ముత్యములు అమ్ముట చూచి అబ్బురపడెను. అది జేజినాయన మెచ్చిన వైభవము. నూనిజ్ వ్రాసినదానిలో ఇంకొక మాట యున్నది: నిర్ణయించిన తూకమునకు మించిన వజ్రము ఎచ్చట దొరకినను అది రాజునకే చెందవలెనట. అనగా రాయల ఖజానాలోని పెద్ద వజ్రము ఏ చేనిలోనో, ఏ కూలివాని చేతనో, ఏ కూలిదాని చేతనో దొరకి, పై చేతులకు పోయినదే. కాలయంత్రము రాజసభకు పోయినది. ఆ చేనికి పోలేదు.

జేజి ఇంకొక మాటయు కలుపును. “మధ్యలో ధాత కరువును దాటిపోయినారు గదా” అని. ధాత సంవత్సరమున, అనగా 1876లో మొదలైన ఆ కరువు రెండేండ్లకు పైగ మన సీమను పీడించెను. కర్నూలు జిల్లా అందు మిక్కిలి దెబ్బతిన్న ప్రాంతములలో ఒకటి. తన అవ్వనోట విన్న కథలలో జేజికి ఆ సంవత్సరము రాయల సంవత్సరముకంటె దగ్గరిది. 1526కును 1991కిని నడుమ ఆ యేడు దాగియున్నది. యంత్రము దానిమీదుగ ఎగిరిపోయినది. వినోదముకొఱకు తీసిన బొమ్మలో కరువును చూపవలెనని జేజి కోరలేదు. చూపనిది యొకటున్నదని చెప్పినది, అంతే.

మనుమడు ఈ మాట విని తన మాటను కొంత మార్చుకొనును. “అట్లయిన ఆ 2504లో నేలక్రింద బ్రతుకుట మనకు కొత్త కాదు జేజీ, బెలుముకు పోయినపుడు చూచితిమి గదా” అనును. నంద్యాల జిల్లాలోని బెలుము గుహలు మూడు వేల రెండు వందల మీటర్లకు పైగ నేలలోపల సాగినవి. వేసవిలో ఆ గుహలలోనికి దిగిన కొలదిసేపటికే ఊపిరి బరువగును, చెమట పట్టును. బయటికి వచ్చి గాలి తగిలినపుడు గాని ఆకాశము విలువ తెలియదు. అట్టి చోట తరతరములు బ్రతుకవలసివచ్చిన వారిని తలచుకొన్న, ఆటబొమ్మలవలె నున్న యంత్రముల మాట మఱుగునపడి, ఆ ఘట్టము చెప్పదలచిన సంగతి కనబడును. నీటికై వందల యడుగులు నేలను తొలుచు మన సీమవారికి, పైనేల చెడిన పిమ్మట క్రిందినేల గతి యగునను హెచ్చరిక తేలికగ అర్థమగును.

సోదరీమణులారా, ఇప్పుడు మా తీర్పు. నిర్మాణమునందు రాయల ఘట్టమే మేలైనది. అందు జేజినాయన పక్షమే మాది. భవిష్యత్తు ఘట్టము పొడవులోను, పనితనములోను బలహీనము. భావములో మాత్రము అదియే బరువైనది. స్త్రీపాత్రలకు పని చాలదన్న కోడలి యాక్షేపణ న్యాయమైనది. సింహనందినిని గుఱించి ఆడబిడ్డ చెప్పినదియు న్యాయమైనదే. ఈ రెండును ఒకదాని నొకటి కొట్టివేయవు. ఒక బొమ్మలో ఒక స్త్రీకి గౌరవము దక్కవచ్చును, మఱియొక స్త్రీకి పని దక్కకపోవచ్చును. కుటుంబమంతయు కూర్చుండి చూడదగిన చిత్రమని, నవ్వును, చరిత్రను, ఊహను ఒక్క పళ్లెరమున వడ్డించిన చిత్రమని చెప్పుటకు మాకు సందేహము లేదు.

అభిప్రాయములు వేఱుపడినవని బెదరవలసిన పని లేదు. స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘2001: ఏ స్పేస్ ఒడిస్సీ’ అను అంతరిక్షయాత్రా చిత్రమును 1968లో అమెరికాలో మొదట ప్రదర్శించినపుడు ప్రేక్షకులలో పలువురు విసిగి మధ్యలోనే లేచిపోయిరి. దర్శకుడు తానే పందొమ్మిది నిమిషముల భాగమును కత్తిరించెను. పేరుపొందిన విమర్శకులలో కొందఱు దానిని తీసివేసిరి. యువకులు మరల మరల చూచిరి. 2022లో ఇంగ్లండునందలి ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక ప్రపంచ దర్శకుల అభిప్రాయము లడుగగా, అదే చిత్రమునకు ప్రథమ స్థానము దక్కెను. లేచిపోయినవారిని మూఢులనవలెనా? అనరాదు. వారు తమకు తోచినది నిజాయితీగ తెలిపిరి. బొమ్మ మారలేదు, చూచు కన్ను మారినది, కాలము మారినది. ‘ఆదిత్య 369’ను 1991లో కూతురై చూచిన స్త్రీ, 2025లో తల్లియై చూచినపుడు రాత్రివేళ దొంగల కంటబడిన ఆ పసివాని కొఱకు ఎక్కువ భయపడియుండును. నాడు అది ఆమెకు ఉత్సాహము, నేడు గుండెదడ. రెండును నిజమైన అభిప్రాయములే.

పత్రికలలో వ్రాయు విమర్శకులు ఛాయాగ్రహణమును, నటనను, కథాగమనమును చెప్పగలరు. మేమును కొంత చెప్పగలము. కాని వజ్రమును చూడగానే దానిని మట్టిలో వెదకిన చేయిని తలచుట జేజివంటి వారికే సాధ్యము. ఆ మాట ఏ పుస్తకములోను లేదు; ఆమె బ్రతుకులోనున్నది. ఆమెను అడుగనిచో అది ఆమెతోనే పోవును. మనుమడు ఆటబొమ్మలని నవ్వి నిద్రపోయియుండెడివాడు. జేజినాయన తండ్రికొడుకుల పోలికతో తృప్తిపడియుండెడివాడు. ఒక్క ప్రశ్నచేత మనుమనికి తన సీమ చరిత్రయు, కోడలికి తన సందేహమునకు తోడును దొరకినవి. పెద్దావిడ మాటను ఇంటివారు చెవియొగ్గి వినుట చూచిన ఆడపిల్ల, రేపు తన మాటకును విలువ యున్నదని తెలిసికొనును. ఇది సినిమాకంటె పెద్ద లాభము.

కావున ఇక మీదట బొమ్మ చూచి వచ్చినపుడు “బాగున్నది” అని లేచి పోకుడు. ఏది బాగున్నదో, ఏల బాగున్నదో, ఎచ్చట మనస్సు నొచ్చినదో చెప్పుడు. నచ్చలేదన్న సిగ్గుపడకుడు, అందఱు తెగడినది మీకు నచ్చినను దాచుకొనకుడు. మీ అత్తగారిని అడుగుడు, మీ కోడలిని అడుగుడు, ఇంట పనికి వచ్చు ఆమెయు చూచియున్నచో ఆమెనును అడుగుడు. అన్నములు ఒక పావుగంట ఆలస్యమైనను చల్లారి పోవు. ఆ పావుగంటలో, కాలయంత్రము నిజముగ మన వాకిట నిలిచినచో ఏ సంవత్సరమునకు పోదురో ఇంటివారినందఱిని అడిగి చూడుడు. జేజి ఏ సంవత్సరము చెప్పునో మఱచిపోక వినుడు.